హెడ్ నర్సుల ఒంటరితనం: వార్డులో మొదలై ఇంటిదాకా

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు ప్రభుత్వాసుపత్రుల్లో ఏ పెద్ద వార్డుకు వెళ్ళినా గుమ్మానికి దగ్గరగా ఒక బల్ల, దాని మీద దొంతరగా రిజిస్టర్లు, వెనక హెడ్ నర్సు కనిపిస్తారు. రాత్రి డ్యూటీ సిస్టర్లు కేసులు అప్పజెప్పి వెళ్ళే వేళ నుంచి మధ్యాహ్నం షిఫ్టు వచ్చేదాకా ఆ బల్ల దగ్గర మనుషుల రాకపోకలకు తెరిపి ఉండదు. ఇండెంటు (మందులు, సామాన్లు కావాలని రాసే పత్రం) మీద సంతకం కావాలని ఒకరు, రౌండ్స్‌లో డాక్టరు అడిగిన ఎక్స్‌రే ఇంకా రాలేదని ఒకరు, శానిటేషన్ మనిషి ఇవాళ డ్యూటీకి రాలేదని మరొకరు, ఆ నడుమనే "సిస్టరమ్మా, మావోడి సెలైన్ అయిపోనాది, ఓపాలి సూడమ్మా" అంటూ పాలకొండ వైపు నుంచో బొబ్బిలి వైపు నుంచో వచ్చిన రోగి తాలూకు మనిషి. వచ్చినవారందరూ ఏదో ఒక పని మీద వస్తారు, పని కాగానే వెళ్ళిపోతారు. బల్ల వెనక కూర్చున్న మనిషికి తన మాట చెప్పుకోవడానికి ఆ పూటంతా ఒక్కరూ దొరక్కపోవచ్చు.

ఇంతమంది మధ్య పనిచేసే వ్యక్తిని ఒంటరి అనడం చాలామందికి అతిశయోక్తిగా తోస్తుంది. పరిశోధకులు మాత్రం ఒంటరితనాన్ని చుట్టూ ఉన్న మనుషులను లెక్కపెట్టి కొలవరు. మనిషి కోరుకునే అనుబంధానికీ, నిజంగా దక్కిన అనుబంధానికీ మధ్య ఉన్న వెలితినే వారు ఒంటరితనం అంటారు. ఏకాంతానికీ ఒంటరితనానికీ వేర్వేరు మాటలున్న తెలుగువారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో ఈ వెలితిని రెండుగా విడదీసి చూపించారు. మనసు విప్పి చెప్పుకోగల దగ్గరి మనిషి లేకపోవడం ఒకటి, తనవాళ్ళు అనుకోగల జట్టు లేకపోవడం మరొకటి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోదాని లోటు తీరదని ఆయన అన్నారు. ఇంట్లో అన్యోన్యంగా ఉండే భర్త, అక్కరకు వచ్చే పిల్లలు ఉన్న హెడ్ నర్సు కూడా ఆసుపత్రిలో ఎందుకు ఒంటరి కావచ్చో ఈ విభజన వల్ల అర్థమవుతుంది.

పనిచోట కలిగే ఒంటరితనాన్ని విడిగా కొలవడానికి సారా రైట్, క్రిస్టఫర్ బర్ట్, కెన్నెత్ స్ట్రాంగ్‌మన్ అనే న్యూజిలాండ్ పరిశోధకులు 2006లో 16 వాక్యాల కొలమానం ఒకటి తయారుచేశారు. తోటివారితో మనసులు కలవడం లేదన్న భావనను ఒక భాగం, కూర్చుని కబుర్లు చెప్పుకునే సహవాసం ఉందా లేదా అన్నదాన్ని మరో భాగం పట్టుకుంటాయి. జీవన సంతృప్తికి అంతకుముందే, 1985లో, ఎడ్ డీనర్ బృందం 5 వాక్యాల కొలమానం ఇచ్చింది. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 దాకా మార్కులు వేసుకుంటే మొత్తం 5 నుంచి 35 మధ్య వస్తుంది. 20 అంటే అటూ ఇటూ కాని స్థితి. ఇది ఆ పూట సంతోషంగా ఉన్నారా అని అడిగే కొలత కాదు. బతుకంతా ఒక్కసారి తిరిగి చూసుకుని, ఇంతవరకు వచ్చింది బాగానే వచ్చిందా అని మనిషి తనకు తాను వేసుకునే లెక్క అది. అందుకే వార్డులో జరిగినది ఆ లెక్కలోకి ఎలా చేరుతుందన్నది పట్టించుకోవలసిన ప్రశ్న అవుతుంది.

పై పదవిలో ఉన్నవారికి ఒంటరితనం తప్పదు అన్నది అందరూ అనే మాట. దాన్ని అలాగే ఒప్పుకుంటే ఇక చెప్పవలసింది ఏమీ మిగలదు, చేయవలసింది అంతకన్నా మిగలదు. అయితే ఆ మాటకు ఆధారం గట్టిగా లేదు. సారా రైట్ 2012లో ప్రచురించిన అధ్యయనంలో మేనేజర్లకూ, మేనేజర్లు కాని ఉద్యోగులకూ ఒంటరితనంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2015లో ఆడమ్ వేట్జ్, ఆడమ్ గలిన్‌స్కీ తదితరులు మరో అడుగు ముందుకు వేసి, అధికారం చేతిలో ఉందన్న భావన ఒంటరితనాన్ని తగ్గిస్తుందని చూపించారు. అధికారం ఉన్న మనిషికి పదిమందితో పూసుకుని తిరగవలసిన అవసరమే అంతగా అనిపించదని వారి వివరణ. పదవి ఒంటరితనాన్ని తెచ్చిపెట్టడం లేదనుకుంటే హెడ్ నర్సును ఒంటరి చేస్తున్నది ఏమిటో వెతకాలి. ఆమె పదవిలో బాధ్యత ఎంత ఉందో, అధికారం ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరుకుతుందని ఈ వ్యాసం భావిస్తున్నది.

వార్డులో ఏది తక్కువైనా మొదటి ప్రశ్న హెడ్ నర్సుకే వస్తుంది. దుప్పట్ల లెక్క తేలకపోయినా, ఎమర్జెన్సీ ట్రేలో ఒక ఇంజక్షన్ గడువు దాటినా, ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అయినా, ఆసుపత్రుల శుభ్రతను పరీక్షించే కాయకల్ప తనిఖీ బృందానికి గోడ మీద మరక కనిపించినా ఆమే సంజాయిషీ చెప్పుకోవాలి. మరోవైపు నియామకం, బదిలీ, ఇంక్రిమెంటు, క్రమశిక్షణ చర్య, వీటిలో ఏదీ ఆమె చేతిలో లేదు. మందు లేకపోతే ఇండెంటు పెట్టగలరు గానీ కొనలేరు. మనిషి చాలకపోతే పైవారికి చెప్పగలరు గానీ మనిషిని తెచ్చుకోలేరు. పైగా ఒకే వార్డులో రెగ్యులర్, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిస్టర్లు ఒకే పని చేస్తూ వేర్వేరు జీతాలు తీసుకుంటారు. ఆ జీతాలు నిర్ణయించినది ఆమె కాదు. అయినా ఆ తేడా వల్ల పుట్టే చిరాకు ప్రతిరోజూ ఆమె బల్ల దగ్గరకే వస్తుంది. పైన సూపరింటెండెంటు, ఆర్‌ఎంవో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు), కింద పాతికమంది సిబ్బంది, ఎదురుగా రోగుల బంధువులు, మధ్యలో ఆమె పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. పైవారి మాట కిందివారికి చెప్పినప్పుడు ఆమె పైవారి మనిషి అవుతారు, కిందివారి కష్టం పైకి చెప్పినప్పుడు సిబ్బందిని వెనకేసుకొచ్చే మనిషి అవుతారు. ఏ పక్కవారూ ఆమెను తమ మనిషిగా లెక్కవేసుకోరు.

ప్రమోషన్ వచ్చే తీరు ఈ ఇబ్బందిని ఇంకొంచెం పెంచుతుంది. ప్రభుత్వోద్యోగాల్లో స్థానికుల కోసం రాష్ట్రాన్ని జోన్లుగా విడదీసిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు కలిపి మొదటి జోన్. స్టాఫ్ నర్సు పోస్టులు జోన్ స్థాయివి గనుక హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చినవారికి ఖాళీ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళవలసి రావచ్చు. ఇరవై ఏళ్ళు ఒకే ఊళ్ళో పనిచేసిన మనిషి ముఖపరిచయం కూడా లేని ఆసుపత్రిలో పెద్దరికం మొదలుపెట్టాలి. అక్కడి సిబ్బందికి ఆమె ఎక్కడినుంచో వచ్చిన మేడమ్. అదృష్టం కొద్దీ ఉన్న ఆసుపత్రిలోనే ప్రమోషన్ దొరికితే కష్టం మరో రూపంలో వస్తుంది. నిన్నటిదాకా "అక్కా" అని పిలిచినవాళ్ళు ఇవాళ "మేడమ్" అంటారు. మధ్యాహ్నం డ్యూటీ రూములో నలుగురూ క్యారేజీలు విప్పి ఒకరి కూర ఒకరు వేసుకుని తినే అలవాటు ఉంటుంది. కొత్తగా హెడ్ నర్సు అయినవారు ఆ గదిలోకి అడుగుపెట్టగానే మాట ఆగుతుంది, ఎవరో లేచి కుర్చీ జరుపుతారు, "మీరు కూర్చోండి మేడమ్, మాది అయిపోయింది" అంటారు. ఎవరికీ ఆమె మీద కోపం లేదు. ఆ కుర్చీ జరపడంలో మర్యాదే ఉంది. రెండు వారాలు అలా జరిగాక ఆమె తన క్యారేజీ తన బల్ల దగ్గరే విప్పుకోవడం మొదలుపెడతారు, నెల తిరిగేసరికి అదే పద్ధతిగా మారిపోతుంది.

ఇక డ్యూటీ చార్టు. హెడ్ నర్సు చేతిలో నిజంగా ఉన్న అధికారం ఇదొక్కటే. ఆమెను సిబ్బందికి దూరం చేసేది కూడా ఎక్కువగా ఇదే. విజయనగరంలో విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందురోజు సోమవారం తొలేళ్ళ ఉత్సవం. ఊరి ఆడపడుచులందరూ పుట్టింటికి వచ్చే పండగ అది; పక్కనున్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జనం వస్తారు. ఊరు నిండితే క్యాజువాల్టీ కూడా నిండుతుంది గనుక ఆ రెండు రోజులూ వార్డులో మనుషులను తగ్గించడానికి వీలుండదు. తొమ్మిదిమంది సిస్టర్లున్న వార్డుకు ఆ వారపు చార్టు పెన్సిలుతో రాసి చెరిపి మళ్ళీ రాస్తున్న హెడ్ నర్సును ఊహించుకోవచ్చు. ఒకరికి పెళ్ళయ్యాక వచ్చిన మొదటి సిరిమాను, అత్తవారింట్లో ఎదురుచూస్తున్నారు. ఒకరికి ఇంట్లో మొక్కుబడి ఉంది. ఒకరు పోయిన ఏడాది పండగనాడు నైట్ చేశారు కాబట్టి ఈసారి తనకు వదలాలని ముందే చెప్పి ఉంచారు. మరొకరి తరఫున పైనుంచి ఫోను వచ్చింది. కాంట్రాక్టు మీద ఉన్న చిన్న సిస్టరు మాత్రం ఏమీ అడగలేదు; అడిగితే రెన్యూవల్ దగ్గర ఇబ్బంది అవుతుందేమోనని ఆ అమ్మాయి భయం. అడిగినవాళ్ళందరికీ సర్దుబాటు చేస్తే రెండు నైట్లూ అడగని ఆ అమ్మాయి మీదే పడతాయి. అది తప్పని హెడ్ నర్సుకు తెలుసు. తప్పు జరగకుండా రాస్తే ముగ్గురికి తాను చెడ్డదవుతానని కూడా తెలుసు. ఈ మాట తోటి మనిషితో ఒక్కసారి అనుకుని, "నువ్వైతే ఏం చేసేదానివి" అని అడగగలిగితే సగం బరువు దిగుతుంది. కానీ ఆ వార్డులో ఆమెకు సమానమైన మనిషి లేరు. పక్క వార్డు హెడ్ నర్సు కూడా అదే సమయంలో తన చార్టుతో కుస్తీ పడుతూ ఉంటారు.

దీని మూలం సిబ్బంది కొరతలో ఉందన్నది నిజమే. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలి, సెలవుల కోసం దానిపైన 30 శాతం అదనంగా ఉండాలి. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలై అక్కడి ఆసుపత్రి బోధనాసుపత్రి అయింది. అంటే కాగితం మీద ప్రమాణం కూడా మారింది. ఆ సెలవుల అదనం నిజంగా వార్డులో ఉంటే సిరిమాను వారపు చార్టు ఇంత మనోవేదన కానక్కరలేదు. ఎవరికి ఎంత సెలవు అన్నది సంఖ్యల సమస్య. సంఖ్యలు చాలనప్పుడు అది హెడ్ నర్సు న్యాయబుద్ధి మీద తీర్పుగా మారుతుంది.

మరొక నష్టం గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. నర్సు ఉద్యోగంలో మనసుకు తృప్తినిచ్చేది రోగి పక్కన చేసే పని. జ్వరం దిగిన బిడ్డ నుదురు తాకి చూడడం, నాలుగు రోజులు మాట్లాడని మనిషి కళ్ళు తెరిచి గంజి అడగడం, డిశ్చార్జి నాడు ఆ ఇంటివాళ్ళు చేతులు పట్టుకుని వెళ్ళొస్తామని చెప్పడం. సీతంపేట వైపు కొండ గ్రామాల నుంచి సవర మాట్లాడే రోగులు వచ్చినప్పుడు భాష తెలియకపోయినా సైగలతో, స్పర్శతో ధైర్యం చెప్పడం. హెడ్ నర్సు అయిన నాటి నుంచి ఆ చేతులు రిజిస్టర్ల మీదికి వెళ్ళిపోతాయి. రోగికి మందు వేసిన సిస్టరు గుర్తుంటారు, ఆ మందు సమయానికి అందేలా చూసినవారు గుర్తుండరు. వైస్ చెప్పిన రెండు వెలితులకు తోడు వృత్తి నుంచి దూరమైన వెలితి కూడా ఇక్కడ కలుస్తుంది. హెడ్ నర్సుల జీవన సంతృప్తి తగ్గడంలో దీని పాలు తక్కువేమీ కాదని అనుకోవడానికి కారణాలున్నాయి.

పనిలో సంతృప్తికీ జీవితంలో సంతృప్తికీ ఉన్న సంబంధం మీద అంతవరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన 1989 నాటి సమీక్ష ఒకటి ఆ సంబంధాన్ని సుమారు 0.44గా తేల్చింది (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం). మనిషి జీవితంలో ఒక్క భాగానికి ఇది పెద్ద అంకే. ఆ సమీక్షలోనే మరో సంగతి ఉంది. 1974కు ముందటి అధ్యయనాల్లో ఈ సంబంధం ఆడవారిలో మగవారిలో కంటే బలహీనంగా ఉండేది, ఆ తరువాతి వాటిలో తేడా పోయింది. ఆడవారికి ఉద్యోగం ఇంటి పక్కన నడిచే చిన్న వ్యవహారమన్న అభిప్రాయం ఎక్కడైనా ఇంకా మిగిలి ఉంటే దానికి కాలం చెల్లి యాభై ఏళ్ళయింది. ప్రపంచంలో నర్సుల్లో అత్యధికులు ఆడవారే గనుక ఈ మాట వీరికి నేరుగా వర్తిస్తుంది.

వార్డు నుంచి ఇంటికి ఒంటరితనం ఎలా నడిచివస్తుందో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కాసియొప్పో పరిశోధనలు చాలావరకు వివరించాయి. ఒంటరితనంలో ఉన్న మనసు ముప్పు కోసం కాపలా కాయడం మొదలుపెడుతుంది. ఎదుటివారి మాటలో లేని దెప్పు వినిపిస్తుంది, మామూలు మౌనంలో కోపం కనిపిస్తుంది, నిద్ర పలచబడుతుంది. అలా జాగ్రత్తపడుతున్న మనిషి దగ్గరకు రావడానికి ఎదుటివారూ వెనకాడతారు. హకాన్ ఓజ్‌చెలిక్, సిగల్ బార్సేడ్ 2018లో చూపించినది ఇదే: ఒంటరిగా ఉన్న ఉద్యోగి తోటివారికి దగ్గరకు రానివ్వని మనిషిగా కనిపిస్తారు, దానివల్ల పని కూడా దెబ్బతింటుంది. సాయంత్రం ఇంటికి చేరిన హెడ్ నర్సు వంట చేస్తూనే పొద్దున్న జరిగిన మాటలు మళ్ళీ మళ్ళీ తలపోసుకోవడం ఈ కాపలాలో భాగమే. పైగా ప్రమోషన్ వచ్చేది ఉద్యోగంలో చాలా ఏళ్ళు గడిచాక. ఉత్తరాంధ్ర ఇళ్ళలో సరిగ్గా ఆ వయసుకే పిల్లలు చదువుకో ఉద్యోగానికో విశాఖపట్నం, హైదరాబాదు, బెంగళూరు వెళ్ళిపోయి ఉంటారు, అత్తమామలకో తల్లిదండ్రులకో చాకిరీ మొదలై ఉంటుంది. పనిచోట జట్టు కరిగిన కాలంలోనే ఇల్లు కూడా బోసిపోతుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి అధ్యయనాల్లో చాలావరకు ఒకే సమయంలో రెండు ప్రశ్నపత్రాలు ఇచ్చి నింపించుకున్నవే. ఒంటరితనం వల్ల సంతృప్తి తగ్గిందా, బతుకు మీద అసంతృప్తితో ఉన్నవారు పనిచోట కూడా ముడుచుకుపోతున్నారా అన్నది వాటితో తేలదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయన్నదే నమ్మదగిన వివరణ.

ఇది ఆమె సొంత గొడవ అని పక్కన పెట్టడానికి వీలులేని కారణం రోగి. 1996లో అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రి నర్సింగ్ విభాగాల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, నాయకత్వం బాగున్న చోట్ల నమోదైన పొరపాట్లు ఎక్కువగా కనిపించాయి. తరచి చూస్తే అక్కడ తప్పులు ఎక్కువ జరగడం లేదు, జరిగిన తప్పును భయపడకుండా చెప్పుకుంటున్నారు. సిస్టరు తన చేతుల్లో జరిగిన పొరపాటును మొదట చెప్పవలసింది హెడ్ నర్సుకు. ఆ హెడ్ నర్సు అందరికీ దూరమై, ఎవరిని నమ్మాలో తెలియక బిగుసుకుపోయి ఉంటే ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. డోసు మారిన రోగికి అది తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని చెప్పింది. ఆ లెక్క ఒంటరితనం అనుభవించేవారి ఆరోగ్యానికి సంబంధించినది. ఆసుపత్రిలో దాని ఫలితం మరొకరి మంచం దాకా వెళుతుంది.

చేయదగినవి ఉన్నాయి. మే 12న నర్సుల దినోత్సవం జరిపి, శాలువా కప్పి, గ్రూపు ఫోటో దిగడం మంచిదే. ఆ రోజుకు ఆనందాన్నిస్తుంది. అయితే 2011లో క్రిస్టఫర్ మాసీ, కాసియొప్పో తదితరులు ఒంటరితనం తగ్గించే ప్రయత్నాలను కలిపి సమీక్షించినప్పుడు, నలుగురిని ఒకచోట చేర్చే కార్యక్రమాల కంటే ఎదుటివారి గురించి పెంచుకున్న అపనమ్మకాలను సరిచేసే పద్ధతులే ఎక్కువ ఫలితం ఇచ్చినట్టు తేలింది. దీన్నిబట్టి హెడ్ నర్సులకు కౌన్సెలింగ్ ఇస్తే చాలు అనుకోవడం కూడా పొరపాటే. సిబ్బంది తన మీద గుర్రుగా ఉన్నారని సిరిమాను చార్టు రాసిన హెడ్ నర్సు అనుకుంటే అది భ్రమ కాదు, అందులో వాస్తవం ఉంది. ఆ వాస్తవాన్ని మార్చాలంటే పండగ డ్యూటీలకు ఏడాది ముందే వంతులు నిర్ణయించి, రెగ్యులర్ కాంట్రాక్టు తేడా లేకుండా, అందరికీ కనిపించేలా గోడ మీద పెట్టే నియమం ఆసుపత్రే చేయాలి. అప్పుడు చార్టు మీద కోపం నియమం మీదికి పోతుంది. రిజిస్టర్ల పనిలో కొంత డేటా ఎంట్రీ మనిషికి అప్పగించి, రోజులో గంటసేపు హెడ్ నర్సు మంచాల మధ్య ఉండేలా చూడవచ్చు. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

అన్నిటికంటే ముందు కావలసింది సమానుల కూటమి. రాజాం, బొబ్బిలి, ఎస్.కోట వంటి చోట్ల చిన్న ఆసుపత్రుల్లో ఆ హోదా ఉన్నవారు ఒకరిద్దరికి మించి ఉండకపోవచ్చు. వారికి పక్క వార్డు తోడు కూడా ఉండదు. వాట్సాప్ గ్రూపులు అన్నిచోట్లా ఉన్నాయి గానీ వాటిలో నడిచేవి ఉత్తర్వులు, హాజరు ఫోటోలు, గడువులు. నెలకొకసారి, డ్యూటీగా లెక్కకట్టి, పై అధికారులు ఎవరూ లేకుండా, మూడు నాలుగు ఆసుపత్రుల హెడ్ నర్సులు ఒక పూట కూర్చునే ఏర్పాటు వేరు. అక్కడ చార్టు తగువు గురించి, పోయిన స్టాకు గురించి, రాత్రి నిద్ర పట్టకపోవడం గురించి కూడా మాట్లాడుకోవచ్చు. కొత్తగా ప్రమోషన్ మీద వచ్చినవారికి మొదటి ఏడాది ఒక సీనియరును జతచేయడం ఇందులో భాగం కావాలి. ఆ సీనియరు వేరే ఆసుపత్రివారైతేనే మంచిది. అదే ఆసుపత్రివారైతే చెప్పిన మాట సాయంత్రానికి ఎక్కడికి చేరుతుందోనన్న అనుమానం ఉంటుంది.

ఇక్కడి హెడ్ నర్సుల పరిస్థితిని ఎవరైనా కొలవదలిస్తే అదే అనుమానం ప్రశ్నపత్రానికి కూడా అడ్డువస్తుంది. ఒక ఆసుపత్రిలో ఆ హోదా ఉన్నవారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే. వయసు, వార్డు, ఎన్నేళ్ళ సర్వీసు అన్న మూడు గడులు నింపితే చాలు, పేరు రాయకపోయినా ఆ కాగితం ఎవరిదో ఆఫీసులో ఎవరైనా చెప్పేయగలరు. తెలిసిపోతుందన్న భయం ఉన్నప్పుడు అంతా బాగుందనే రాస్తారు, ఆ జవాబులతో వచ్చే సగటు అబద్ధమవుతుంది. అందుకని పాత మూడు జిల్లాలను కలిపి తీసుకోవాలి, వార్డు పేరు అడగకూడదు, కాగితాలు ఆసుపత్రి ఆఫీసు ద్వారా పోకుండా నేరుగా చేరాలి. పైన చెప్పిన రెండు కొలమానాల్లోని 16 వాక్యాలనూ, 5 వాక్యాలనూ పుస్తక భాషలో కాకుండా ఈ ప్రాంతపు సిస్టర్లు రోజూ మాట్లాడుకునే తెలుగులోకి తెచ్చి, ముందుగా నలుగురైదుగురు రిటైరైన హెడ్ నర్సుల చేత చదివించాలి. ఏ వాక్యం దగ్గర వారు ఆగి ఆలోచిస్తారో ఆ వాక్యాన్ని మళ్ళీ రాయాలి.